పారని ఏటికి హద్దు

నల్లరాళ్లపల్లి,
బుధవారం పొద్దున.

సమీనా నాయనకు సుల్తానా సలాములు.

ఇక్కడ నేనూ పాపా వేళకు తింటున్నాం, పడుకుంటున్నాం. అక్కడ మీ దగ్గు తగ్గిందనీ, దుప్పటి రెండోది ఇచ్చారనీ అనుకుంటున్నాను. అందరం క్షేమమని రాయబోయాను. కానీ కడప జైల్లో ఉత్తరాలు చదివి చూశాకే చేతికిస్తారని మీరు రాశారు కదా. మీతో పాటు ఆ చదివే అయ్యకు కూడా అబద్ధం చెప్పడం ఎందుకని ఆగిపోయాను. ఉన్నదున్నట్టు రాస్తాను. మధ్యలో కోపం వస్తే మడిచి పక్కన పెట్టండి. తర్వాతైనా సరే, చివరిదాకా చదవండి.

ములాఖత్‌లో మిమ్మల్ని ఎదురుగా చూసి చెబుదామనే పోయినసారి వచ్చాను. ఆ ఇనుప జాలీ దగ్గర ఒకేసారి అన్ని కుటుంబాలవాళ్లు అరుస్తుంటే నా నోటికి ఏ మాటా రాలేదు. మీరు "అమ్మ" అన్నది నాకు "అన్నం" అని వినిపించి, తిన్నానని చెప్పాను. బస్సెక్కాక గానీ అర్థం కాలేదు, మీరు అడిగింది అత్తమ్మ గురించని.

మీ అమ్మ కొత్తచెరువులో అక్బర్ దగ్గర ఉంది. మోకాళ్ల నొప్పులకు అక్కడ మంచి డాక్టరు ఉన్నాడని మీ తమ్ముడే వచ్చి తీసుకుపోయాడు. ఎర్ర మేక ఈనింది. రెండు పిల్లల్లో ఒకటి దక్కింది. సమీనా బడికి పోతోంది. క్లాసులో ఎవరో "మీ నాయన జైల్లో ఉన్నాడు కదా" అంటే, "నీళ్ల కోసం పోయినాడు, వస్తాడు" అని చెప్పిందట. టీచరే నాకు చెప్పింది.

పంప్‌హౌస్ సంగతి అడిగారు. తాళం సర్పంచి దగ్గరే ఉంది. వాల్వు తిప్పేవాళ్లు లేక కాదు, తిప్పినా లాభం లేక. ఏటి బావి నీళ్లు తాగవద్దని గోడ మీద ఎర్ర రంగుతో రాసి పోయారు. ఆ నీళ్లతో గిన్నెలు కడిగితే ఆరాక తెల్లటి పొర కడుతోంది. గుట్ట అవతలి బోరు నుంచి ట్యాంకరు వస్తోంది. వచ్చిందంటే బిందెలతో బిందెలు కొట్టుకుంటారు. ఇన్నేళ్లు పొద్దునే మీరు వాల్వు తిప్పితే ఇంటి ముందు కొళాయి గురగురమనేది. ఆ చప్పుడు మీద నాకు అంత ప్రేమ ఉందని ఇప్పుడే తెలిసింది.

ఇక జయచంద్ర. రెండు ఉత్తరాల్లోనూ అడిగారు. మొదటిసారి ఆ మాట కనబడనట్టే దాటేశాను. రెండోసారి బాగున్నాడని రాశాను. బాగాలేడు.

ఆ రోజు బట్టలకు రంగులేసే ఫ్యాక్టరీకి కరెంటు సెలవని కనుక్కునే మీరు బయలుదేరారు. మీరు, మీతో వచ్చిన నలుగురు, ఏట్లోకి రంగునీళ్లు వదిలే పైపు మూతిలో సిమెంటు కలిపిన ఇసుక మూటలు కూరి వచ్చారు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ, "రేపు మిషన్లు ఆడేటప్పుడు తెలుస్తాదిలే, మనం ఏం చెప్తాండామో" అని నవ్వారు. ఫ్యాక్టరీలో ఆ రోజే జనరేటరు వేసి పని చేయించబోతున్నారని మనకెవరికీ తెలియదు. ఏదో జీన్స్ ఆర్డరు తొందరట. వేడి రంగునీళ్లు, సోడా, అన్నీ కలిసి వెనక్కి తన్నాయి. ఎక్కడ అడ్డుపడిందో చూడమంటే డ్యూటీలో ఉన్న జయచంద్ర గుంతలోకి దిగాడు. దిగాక నీళ్లు పెరిగాయి. పైకి లాగేలోపల కాళ్లు మోకాళ్ల దాకా ఉడికిపోయాయి. కాళ్లు కాస్త కాలాయని మీకు స్టేషన్లో చెప్పారు. కాస్త కాదు. ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. కుడికాలికి తొడ చర్మం తీసి అంటిస్తున్నారు.

ఇది చదివేటప్పుడు మీ పక్కన ఎవరైనా ఉన్నారో లేదో. ఉంటే బాగుండు.

నేను అనంతపురం ఆసుపత్రికి రెండుసార్లు పోయాను. మొదటిసారి తలుపు దగ్గరే నిలబడిపోతే జయచంద్రే పిలిచాడు. "ఏంటికక్కా ఆడే నిలబడినావు, లోపలికి రా" అన్నాడు. మంచం పక్కన కూర్చున్నాను. తర్వాత అన్నాడు:

"అన్నకు చెప్పు. నేను ఆ దినం డ్యూటీలో ఉంటానని ఆయనకు తెలీదు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ అక్కా, మాపటేళ కాలు దురద పెడతాది. లేని కాలు. అప్పుడు మాత్రం అన్న మీద కోపం వస్తాది. అది కూడా చెప్పు."

రెండూ చెప్పమన్నాడు కాబట్టి రెండూ రాశాను.

మీరు పోయాక ఫ్యాక్టరీవాళ్లు శుద్ధి చేసే మిషన్లు బాగుచేయించారు. పైపు మళ్ళీ తెరిచారు. మునుపు నీళ్లు నీలంగా, నల్లగా వచ్చేవి చూడండి, ఇప్పుడు తెల్లగా వస్తున్నాయి. ఊళ్లో సగం మంది, ఇక గొడవ తీరిపోయిందన్నారు. కానీ బావి నీళ్లు నోట్లో పెట్టుకోలేకుండానే ఉన్నాయి. అప్పుడు కాలుష్యం ఆఫీసు నుంచి కృపాకుమారి అనే ఇంజనీరు మేడం వచ్చింది. మనం చెన్నైలో పర్యావరణం కోర్టులో వేసిన కేసు కోసం ఏరు చూసి రాయమని ఆమెను పంపారు. మీకు పంచాయతీ ఉద్యోగం పోతుందని అర్జీ నా పేరు మీద వేయించారు కదా, అందుకని ఏటికి నన్నే వెంట రమ్మంది.

ఏట్లోకి దిగాం. ఎండ మండిపోతోంది. అంత వెడల్పు ఇసుకలో పైపు కింద ఒక్క పాయ, పిల్లకాలువంత. ఆమె ఆ నీళ్లలో ఏదో మిషను ముంచి, అంకె చూసి, "సర్కారు పెట్టిన హద్దు లోపలే ఉండాయమ్మా" అంది.

"హద్దు లోపల ఉంటే మా బావి ఏంటికి ఉప్పగైంది మేడం?" అన్నాను.

ఆమె కొంగు తలమీదికి లాక్కుని అటూ ఇటూ చూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "ఈ హద్దు పారే ఏటికి పెట్టిందమ్మా. పైనుంచి మంచినీళ్లు వస్తా ఉంటే, ఇంత ఉప్పు కలిసినా పల్చబడిపోతాది అని లెక్క. మీ ఏటికి వచ్చే నీళ్లు ఇవొక్కటే. పల్చన కావడానికి ఇంకో చుక్క లేదు. ఇవి ఇసుకలోకి దిగి, నేరుగా మీ బావిలోకి పోతాండాయి."

"రంగు పోయింది కదా మేడం?"

"రంగు పోయింది. ఉప్పు పోలేదు. ఉప్పు కంటికి కనపడదు."

"మరి మా ఏటికి హద్దు ఎంత ఉండల్ల?"

"నన్నడిగితే, ఏరు పారని దినాల్లో ఒక్క చుక్క కూడా వదలకూడదు. ఫ్యాక్టరీ నీళ్లు ఫ్యాక్టరీలోనే తిరగల్ల. అట్లనే రాసి పంపిస్తా. కానీ మీ కేసు నిలబడితేనే దాన్ని చదివేవాళ్లు ఉంటారు. కేసు పోతే నా కాగితం కూడా దాంతోనే పోతాది."

ఆమె జీపు ఎక్కి పోయిన వారంలోపే లక్ష్మీపతి గారు మన ఇంటికి వచ్చారు. ఫ్యాక్టరీ యజమాని మన గుమ్మం తొక్కడం అదే మొదలు. చెప్పులు బయట విడిచి, అత్తమ్మకు నమస్కారం పెట్టి, మంచం మీద కూర్చున్నారు. అరుస్తాడేమో అనుకున్నాను. అరవలేదు. మనిషి నిద్ర లేనట్టున్నాడు.

"నేను దొంగను కాదమ్మా. మిషన్లు బాగుచేయించినా. ఎంత హద్దు పెడితే అంతలోనే నీళ్లు వదుల్తాండా. ఇంగా ఏమి చెయ్యమంటావు? ఒక్క చుక్క వదలొద్దంటే ఆ మిషన్లు నా తరం కాదు. మూసుకోవల్సిందే. మీ ఊర్లోనే నలభై ఇండ్లల్లో నా పనితో పొయ్యి వెలుగుతాంది."

అది అబద్ధం కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

తర్వాత చెప్పాడు. చెన్నై కేసు నేను వాపసు తీసుకుంటే మీ బెయిలుకు వాళ్లు అడ్డం చెప్పరు. మీ మీద ఫిర్యాదు ఇచ్చిన సూపర్‌వైజరు రాజీకి వస్తాడు. జయచంద్ర వైద్యం అంతా ఫ్యాక్టరీయే చేయిస్తుంది, కృత్రిమ కాలు పెట్టిస్తుంది, నయమయ్యాక గేటు దగ్గర కూర్చునే పని ఇస్తుంది. చెన్నై కోర్టువాళ్లు కంప్యూటర్లో అడిగినప్పుడు, నీళ్లు బాగయ్యాయి, నాకిక ఫిర్యాదు లేదు అని నా నోటితో ఒక్క మాట చెబితే చాలు.

ఆయన అటు పోగానే అత్తమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. "చెప్పెయ్ సుల్తానా. నా కొడుకును తీసుకరా" అంది. సాయంత్రం నాగలక్ష్మి వచ్చింది. జయచంద్రకు కాలు పోయాక ఆమె మన ఇంటికి రావడం అదే మొదటిసారి. ఆశ్రితను చంకన వేసుకొచ్చింది. బిడ్డ నాలుగేళ్లది, ఎత్తుకునే వయసు దాటింది, అయినా దించలేదు.

"అక్కా, నేను ఇన్నాళ్లు నిన్ను ఒక్క మాట అనలేదు. ఊరంతా అన్నా నేను అనలేదు. ఇప్పుడు అడుగుతాండా. ఆ కేసు తీసెయ్. ఏరు బాగైతే బాగైతాది, లేకుంటే లేదు. నా మొగుడు లేచి నిలబడల్ల."

తీసేస్తానన్నాను. సమీనా తల మీద చెయ్యి పెట్టి చెప్పాను. నేను నిజంగానే అన్నాను. మీరు ఇంటికి వస్తారని, వచ్చి ఏమంటారో, ముందు అన్నం తింటారో స్నానం చేస్తారో, అదంతా ఆ రాత్రి పడుకుని ఊహించుకున్నాను కూడా.

ఇప్పుడు రాయబోయేది రాయడానికే ఇంతసేపూ మేకల గురించీ మోకాళ్ల గురించీ రాశాను.

మన వకీలు మణిదీప్ ఆఫీసు అనంతపురంలో ఒక మెడికల్ షాపు పైన. అక్కడికి నేనూ నాగలక్ష్మీ పోయాం. లక్ష్మీపతి గారి వకీలు కూడా వచ్చాడు. మణిదీప్ ముఖం మాడ్చుకునే ఉన్నాడు గానీ, "మీ ఇష్టమమ్మా, మీ మనిషి లోపల ఉండాడు, నేను బలవంతం చెయ్యను" అన్నాడు. కంప్యూటరు ముందు కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. నాగలక్ష్మి పక్కన స్టూలు మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. తెర మీద జడ్జిలు ఇద్దరు కనిపించారు. ఇంగ్లీషులో ఏదో అడిగారు. మణిదీప్ నాకు తెలుగులో చెప్పాడు.

"ఎవరైనా బెదిరించి వాపసు తీసుకోమన్నారా అని అడుగుతున్నారు."

"లేదయ్యా" అన్నాను. నిజమే, ఎవరూ బెదిరించలేదు.

"మీ ఊరి నీళ్లు ఇప్పుడు బాగున్నాయా అని అడుగుతున్నారు."

బాగున్నాయి అనాలి. ఒక్క మాట. దారి పొడుగునా బస్సులో అనుకుంటూ వచ్చిన మాటే. నోరు తెరిచాను. ఆ నీళ్లు బాగున్నాయని నా నోటితో చెప్పాక, రేపు సమీనా దాహమంటే ఆ నీళ్లు ముంచి ఇవ్వగలనా అనిపించింది. ఇవ్వలేను. అంతకంటే పెద్ద ఆలోచన ఏదీ నాకు రాలేదు.

"బాగలేవయ్యా" అన్నాను.

గదిలో అందరూ నా వైపు తిరిగారు. నా నోరు ఆగలేదు. "రంగు పోయింది. నీళ్లు తెల్లగుండాయి. హద్దులోనే ఉండాయంట. కానీ మా ఏట్లో అవి తప్ప వేరే నీళ్లు లేవయ్యా. పారే ఏటికి పెట్టిన హద్దు మా ఇసుకకు పెడితే మేమెట్ల బతకల్ల? నేను కేసు వాపసు తీసుకోను."

మణిదీప్ దాన్ని ఇంగ్లీషులో చెబుతుండగానే నాగలక్ష్మి నా చెయ్యి వదిలేసింది.

మెట్లు దిగాక రోడ్డు మీద నిలబడి అంది. గట్టిగా కూడా అనలేదు. "నీ మొగుడు జైల్లో ఉన్నా రెండు కాళ్లతో ఉండాడక్కా." ఆ మాట అని, నేనెక్కాల్సిన బస్సు ఎక్కకుండా ఇంకో బస్సు కోసం నిలబడిపోయింది.

కోర్టువాళ్లు కేసు కొట్టెయ్యలేదు. కృపాకుమారి మేడం రాసింది తెప్పించుకుని చదివారు. పారని ఏటికి హద్దు ఎంత ఉండాలో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. తేలేదాకా ఆ పైపు నుంచి ఒక్క చుక్క కూడా ఏట్లోకి రాకూడదన్నారు. పైపుకు సీలు వేశారు. ఫ్యాక్టరీ మూతపడింది. మణిదీప్ ఫోన్ చేసి, గెలిచినట్టే అమ్మా అన్నాడు. ఆ మాట విని నేను పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. సంతోషంతో కాదు.

మీకు బెయిలు రాలేదని మీ బెయిలు చూసే వకీలు చెప్పే ఉంటారు. ఎందుకు రాలేదో చెప్పి ఉండరు. ఫ్యాక్టరీవాళ్లు గట్టిగా అడ్డం చెప్పారు. సూపర్‌వైజరు రాజీకి రానన్నాడు. ఇదంతా నా వల్లే. తలుపు తెరిచే ఉండింది. నేనొక్క మాట అని ఉంటే మీరు ఈపాటికి ఇంట్లో ఉండేవారు. నేను అనలేదు. మిమ్మల్ని అడగకుండా, మీ జైలు నేనే పొడిగించాను. ఇదే నేను చెప్పాల్సింది. ములాఖత్‌లో జాలీ ఇవతల నిలబడి చెప్పలేకపోయింది ఇదే.

అత్తమ్మ మోకాళ్ల నొప్పులకు పోలేదు. "నా కొడుకు బయటికొచ్చే దోవ నువ్వే మూసినావు. నీ చేతి కూడు నాకొద్దు" అని పెట్టె సర్దుకుంది. అక్బర్ బతిమాలి ఒక పూట ఉంచాడు గానీ ఆ పూట కూడా ఆమె నా ఇంట్లో తినలేదు.

జయచంద్రను సర్కారు వార్డుకు మార్చారు. ఫ్యాక్టరీ ఖర్చు పెట్టడం ఆపేసింది. చర్మం అంటించడం సగంలో ఉంది. నేను పోతే నాగలక్ష్మి లోపలికి రానివ్వలేదు. తలుపు దగ్గర నిలబడి, జయచంద్ర మంచం కనబడకుండా కొంగు పరిచి పట్టుకుంది. తెచ్చిన పండ్లు గోడ పక్కన పెట్టి వచ్చేశాను.

ఊళ్లో పని పోయినవాళ్లు తెల్లారి బస్సుకు బళ్లారి పోతున్నారు. ట్యాంకరు దగ్గర నాకు ఎవరూ అడ్డం రావడం లేదు, అందరూ పక్కకు జరుగుతున్నారు. బిందె నింపుకుని నేను తిరిగేదాకా ఒక్కరూ మాట్లాడరు. తిట్టినా బాగుండు. మునుపు మీరు వాల్వు తిప్పడం ఆలస్యమైతే ఇంటి మీదికి వచ్చి తిట్టేవాళ్లు చూడండి, అట్లాంటి తిట్టు ఒకటి.

పోనీ ఏరైనా బాగయిందా అంటే, అదీ లేదు. ఇసుకలో దిగిన ఉప్పు పోవాలంటే ఏరు రెండు మూడు సార్లు ఒడ్డు నిండా పారాలట. కృపాకుమారి మేడమే చెప్పింది. మన ఏరు అట్లా పారింది మన పెళ్లికి ముందెప్పుడో. వంటింటి కిటికీలోంచి మబ్బు కనబడితే బయటికి వచ్చి నిలబడుతున్నాను. అది గుట్ట దాకా వచ్చి అట్నుంచి అటే పోతోంది.

నేను చేసింది మంచో చెడో నాకు తెలియదు. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే ఏమంటానో కూడా తెలియదు. కొన్నాళ్లు పొద్దున బాగలేవనే అంటాననిపిస్తుంది. సాయంత్రం సమీనా గడప మీద కూర్చుని బస్సు వైపు చూస్తుంటే, బాగున్నాయని వంద సార్లు చెప్పేస్తాననిపిస్తుంది. అర్జీ మీద నా పేరు మీ కోసం పెట్టిన పేరే. ఆ రోజు దాకా ఆ అర్జీ మీది అనే అనుకున్నాను. నోరు తెరిచాక అది నాదైపోయింది. దాని బరువు మాత్రం మీ మీద, జయచంద్ర మీద పడింది. న్యాయం కాదు. తెలుసు.

వచ్చే మంగళవారం ములాఖత్‌కు వస్తున్నాను. అప్పటికి ఈ ఉత్తరం మీకు అందుతుందని పోస్టాఫీసులో చెప్పారు. మీ పేరు పిలిచినప్పుడు మీరు రాకపోతే నేను తప్పు పట్టను. టైము అయిపోయిందని పంపించేదాకా నిలబడి, వచ్చేస్తాను. మళ్ళీ వారం మళ్ళీ వస్తాను.

ఒకవేళ వస్తే, ముందుగా ఊరి సంగతి అడగొద్దు. నీళ్ల సంగతీ, కేసు సంగతీ అడగొద్దు. సుల్తానా, నువ్వెట్లుండావని అడగండి. ఈ ఊళ్లో నన్ను ఆ మాట అడిగేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

ఇట్లు,
జాలీ ఇవతల మీ కోసం నిలబడి ఉండబోయే
మీ భార్య
సుల్తానా